తడి మీద పూత వేయకు

కాకినాడ

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

పాత మారుతి 800 కొన్నావనీ, వానలు రాకముందే దాని అడుగున తుప్పు పట్టకుండా నువ్వే పూత వేసుకుంటాననీ రాశావు. చాలా సంతోషం. తెచ్చుకున్న అండర్ కోటింగ్ డబ్బాల మూతలు మాత్రం ఇప్పుడే తీయకు. పూత వేయడం ఆఖరి పూట పని. అంతకుముందంతా కడగడం, గీకడం, ఆరబెట్టడమే.

ఇనుముకు నీరూ గాలీ తగిలితే తుప్పు పడుతుంది, ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. మీ ఇల్లేమో భీమిలి రోడ్డులో, సముద్రానికి దగ్గర. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూశావు కదా! గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. కారు అడుగున అతుకుల్లో పేరుకున్న ఉప్పూ అంతే. చినుకు పడకపోయినా, కారు షెడ్డులోనే ఉన్నా రేకును తడిపి ఉంచుతుంది. అల్యూమినియం మీద ఏర్పడే పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు, గుల్లగా ఉబ్బి రంగును లేపేసి నీటికి దారి ఇస్తుంది. పైగా నీ కారుకు లారీకి ఉన్నట్టు వేరే ఛాసీ లేదు. బరువంతా ఆ పల్చటి రేకుల మడతలే మోస్తాయి.

నా మొదటి కారుకు తుప్పు మీదే తారు పూశాను. నల్లగా నిగనిగలాడింది. రెండు వానాకాలాలు గడిచాక జాకీ పెడితే తలుపు కింది రేకు అప్పడంలా నలిగిపోయింది. పూత చెక్కుచెదరలేదు, దాని వెనక ఇనుమే మిగల్లేదు. తడినీ తుప్పునూ లోపల పెట్టి నేనే మూశాను. నీకు ఇంత వివరంగా రాయడం అందుకే.

ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ వెళ్ళకు. గచ్చు నేల మీద, గట్టి స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు అడ్డుగా రాళ్ళు వేసి, చేత్తో ఊపి చూశాకే దూరు. కళ్ళద్దాలు, మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

మొదట మంచినీళ్ళతో, మట్టి పూర్తిగా వదిలేదాకా కడుగు. చక్రాల పైగూళ్ళు, అతుకులు మరిచిపోకు. రెండు రోజులు ఎండలో ఆరనివ్వు. లోపల మ్యాట్లు ఎత్తి చూడు, నేల చెమ్మగా ఉంటే నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో ముందు కనిపెట్టు. తరవాత వైర్ బ్రష్‌తో పెచ్చులు రాల్చి, 80 నంబరు ఉప్పు కాగితంతో రుద్దు. పెట్రోలు ట్యాంకు దగ్గర గ్రైండరు వాడకు, నిప్పురవ్వలు లేస్తాయి. స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడు. గట్టి రేకు ఖణీమంటుంది, తుప్పు తిన్న రేకు బొదబొదమంటుంది. చిల్లు పడితే పుట్టీతో పూడ్చకు, వెల్డింగు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు.

గీకినా వదలని తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టరు పలచగా రాయి. అది తుప్పును ఇనుప ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, ఆపైన జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు వేయి. అదీ ఆరాకే నీ అండర్ కోటింగ్. ఒకేసారి మందంగా వద్దు, పలచగా రెండుసార్లు. సైలెన్సరు, బ్రేకులు, రబ్బరు గొట్టాలు, యాక్సిల్ రబ్బరు తొడుగుల మీద పడకుండా ముందే కాగితం చుట్టు. తలుపుల కిందా, తలుపు కింది రేకుకూ నీళ్ళు కారే చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిని మూశావంటే కారు లోపల చెరువు కట్టినట్టే. బోలు భాగాల్లోకి ఆ రంధ్రాల గుండానే సన్నగొట్టంతో మైనం ద్రవం కొట్టు. పాత ఇంజనాయిలు పూయమని ఎవరైనా చెబితే వినకు. రబ్బరును ఉబ్బిస్తుంది, నేలంతా కారి మట్టిని పాడుచేస్తుంది.

బీచికి వెళ్ళొచ్చినప్పుడల్లా పైభాగం కన్నా ముందు అడుగు కడుగు. వానలు వెనకబట్టాక, కార్తీకంలో ఒక ఆదివారం మళ్ళీ స్టాండ్లు ఎక్కించి బొటనవేలితో పూతను నొక్కి చూడు. ఎక్కడైనా ఉబ్బు తగిలితే దాని మీద మరో పూత వేయకు. ఆ మేరకు గీకేసి, ఇనుము తెల్లగా కనపడ్డాక, మొదటినుంచీ మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న