విశ్వకిరణాలు: వదంతి, వాస్తవం

కొన్నేళ్లుగా ఒక సందేశం సెల్‌ఫోన్లలో తిరుగుతూనే ఉంది. మొదట ఎస్సెమ్మెస్‌గా వచ్చింది, తరువాత వాట్సాప్‌లో చేరింది. ఈ రాత్రి 12.30 నుండి 3.30 వరకు అంగారక గ్రహం నుండి విశ్వకిరణాలు భూమిని సమీపిస్తాయట. ఫోను ఆపి దూరంగా పెట్టకపోతే ప్రాణానికే ముప్పట. చివర్లో మామూలే, దీన్ని మీ ఆప్తులందరికీ పంపండి అని.

సోమందేపల్లిలో ఇషా నమాజు తరువాత దీని గురించి నన్ను అడిగినవారున్నారు. వారిలో ఒక పెద్దాయన తహజ్జుద్‌కు లేచే అలవాటున్నవారు. సందేశంలో చెప్పిన వేళ సరిగ్గా ఆయన లేచే వేళ. ఈ ఒక్క రాత్రికి లేవకుండా ఉండాలా అన్నది ఆయన సందేహం. దాసుడు తన ప్రభువు ముందు నిలబడే ఘడియను ఒక అబద్ధం దోచుకుంటూ ఉంటే నవ్వి ఊరుకోవడం సరికాదు. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా తెలుసుకుందాం.

ఉర్దూలో కాయినాతీ షుఆయేఁ అంటాం. కిరణాలు అన్నది పేరుకే గాని, ఇవి నిజానికి అతి సూక్ష్మమైన కణాలు. వీటిలో ఎక్కువ భాగం ప్రోటాన్లు. 1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు వెళ్లి, పైకి పోయేకొద్దీ ఈ వికిరణం పెరుగుతోందని కనుగొన్నాడు. అదే ఏడాది సూర్యగ్రహణం రోజున కూడా ఎగిరి కొలిచాడు. గ్రహణం పట్టినా వికిరణం తగ్గలేదు. కాబట్టి దీని మూలం ప్రధానంగా సూర్యుడు కాదని తేలింది. మన సౌరకుటుంబానికి ఆవల, నక్షత్రాలు పేలిపోయిన చోట్ల నుండి ఇవి వస్తున్నాయని నేడు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అంగారకుడికీ వీటికీ సంబంధం లేదు.

ఇవి ఒక రాత్రికి వచ్చి పోయేవి కావు. పైనుండి వచ్చే కణాలు గాలిలోని అణువులను ఢీకొని మ్యువాన్లనే కణాలను పుట్టిస్తాయి. మనం సజ్దాలో నేలకు ఆనించే అరచేయంత చోటు గుండా ఇవి నిమిషానికి ఇంచుమించు వంద చొప్పున దూసుకుపోతూనే ఉంటాయి. పగలూ అంతే, రాత్రీ అంతే. ఫోను ఆపినా అంతే!

మరి వీటి సంఖ్య ఎప్పుడూ ఒకేలా ఉంటుందా? ఉండదు. ఇక్కడే సూర్యుడి పాత్ర వస్తుంది. సూర్యుడి నుండి విద్యుదావేశం గల కణాల గాలి నిరంతరం వీస్తూ, తనతోపాటు అయస్కాంత క్షేత్రాన్ని మోసుకుపోతుంది. బయటి నుండి వచ్చే కణాలు ఆ గాలికి ఎదురీది రావాలి. సుమారు 11 ఏళ్లకోసారి సూర్యుడిపై మచ్చలు, విస్ఫోటనాలు ఎక్కువవుతాయి. అప్పుడు ఆ అడ్డు బలపడి, భూమికి చేరే విశ్వకిరణాలు తగ్గుతాయి. సూర్యుడు శాంతించినప్పుడు ఇవి పెరుగుతాయి. సూర్యుడు ఉగ్రంగా ఉంటే అన్నీ ఎక్కువవుతాయని మనం అనుకుంటాం గాని, జరిగేది తలకిందులు. 2009లో సూర్యుడు చాలా నెమ్మదించినప్పుడు, అంతరిక్ష యుగంలో అప్పటివరకు చూడనంత ఎక్కువగా విశ్వకిరణాలు నమోదయ్యాయి.

మన ప్రాంతానికి మరో రక్షణ కూడా ఉంది. సోమందేపల్లి మీదుగా పోయే రహదారికి ఒకవైపు బెంగుళూరు, మరోవైపు హైదరాబాద్. ఈ విద్యకు రెండూ సుపరిచితాలే. అమెరికా శాస్త్రవేత్త మిల్లికన్ బృందం 1939-40లో ఆగ్రా, పెషావర్‌లతోపాటు బెంగుళూరు నుండి కూడా బెలూన్లు ఎగరేసి కొలిచింది. తరువాతి దశాబ్దాలలో టాటా పరిశోధన సంస్థ వారు హైదరాబాద్ నుండి ఎన్నో బెలూన్లు పంపారు. భూమధ్యరేఖకు దగ్గరగా భూమి అయస్కాంత క్షేత్రం అడ్డుగోడలా నిలుస్తుంది. హైదరాబాద్ ప్రాంతంలో నిట్టనిలువుగా దిగివచ్చే ప్రోటాన్‌కు సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటేనే ప్రవేశం. సూర్యుడి ప్రభావం ముఖ్యంగా తక్కువ శక్తి గల కణాలపైనే కాబట్టి, ధ్రువాల దగ్గర ఐదో వంతు దాకా కనిపించే హెచ్చుతగ్గులు మన వైపు కొద్ది శాతానికి మించవు.

ఈ గోడ అప్పుడప్పుడు సన్నబడుతుంది కూడా. 2015 జూన్ 22న సూర్యుడి నుండి వచ్చిపడిన కణాల మేఘం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కదిలించినప్పుడు, ఊటీలోని గ్రేప్స్-3 పరికరం రెండు గంటలపాటు మ్యువాన్లు పెరగడాన్ని గుర్తించింది. ఆ రెండు గంటలలో మనలో ఎవరికీ ఏమీ తెలియలేదు. 2024 మే 10, 11 తేదీలలో పెద్ద సౌర తుఫాను వచ్చింది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అప్పుడు ప్రపంచంలోని కొలత కేంద్రాలలో విశ్వకిరణాలు పెరగలేదు, ఉన్నట్టుండి తగ్గాయి. మధ్యలో సూర్యుడే విసిరిన కణాలు కొంతసేపు తోడయ్యాయి, అది వేరే సంగతి.

ఇదంతా చదివి కొందరు సోదరులు వెంటనే సూరా అంబియా 32వ ఆయత్‌ను ముందుకు తెస్తారు. అక్కడ ఆకాశాన్ని సురక్షితమైన కప్పుగా చేసిన ప్రస్తావన ఉంది గనుక, విశ్వకిరణాల శాస్త్రమంతా అందులోనే ఉందంటారు. నేను ఆ మాట అనలేను. వ్యాఖ్యాతలు ఆ ఆయత్‌కు ఆకాశం కూలిపోకుండా ఉండటమని, షైతానుల నుండి కాపాడబడటమని అర్థాలు చెప్పారు. అల్లాహ్ తన దాసులను కాపాడే ఏర్పాట్లలో ఈ అయస్కాంత క్షేత్రం ఒకటని తలచి కృతజ్ఞత చెప్పుకోవచ్చు. కాని రేపు మారగల ఒక లెక్కను దివ్యఖుర్‌ఆన్‌కు అంటగట్టడం జాగ్రత్తపరుల పని కాదు.

దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణమని జనం అనుకున్నారు. దుఃఖంలో ఉండి కూడా ఆయన (సఅసం) ఆ మాటను సాగనివ్వలేదు. ఎవరి చావు పుట్టుకల వల్లా సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని చెప్పి, ప్రజలను నమాజు వైపు, దుఆ వైపు మళ్లించారు. హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. తన ఇంటి గౌరవాన్ని పెంచే వదంతినే ఆయన ఖండించారు. మనమేమో ఊరూ పేరూ లేని వదంతిని పదిమందికి పంపి పుణ్యం అనుకుంటున్నాం! వార్త వస్తే విచారించుకోమని సూరా హుజురాత్ 6వ ఆయత్ ఆదేశిస్తోంది. విన్నదంతా చెబుతూ పోవడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలన్న భావంతో ముస్లిం గ్రంథంలో హదీసు ఉంది. వేలు నొక్కి సందేశం పంపడం కూడా చెప్పడమే కదా.

ఆ పెద్దాయనతో నేను చెప్పింది ఇంతే: ఫోను ఆపవద్దు, ఆపితే అలారం మోగదు. ఆయన ఆ రాత్రి లేచారు.

ఈసారి సూర్యుడు ఉచ్చదశకు చేరినట్టు 2024 అక్టోబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తిరిగి 2030 ప్రాంతంలో నెమ్మదిస్తాడని అంచనా. అప్పటికి విశ్వకిరణాలు నిజంగానే కొంత పెరుగుతాయి, పత్రికలలో ఆ వార్త వస్తుంది. దాన్ని పట్టుకుని పాత సందేశం కొత్త తేదీతో మళ్లీ మన ఫోన్లలోకి రావచ్చు.