రాబందులును భూతదయయు

భూతదయను గూర్చి పాఠశాలలలో చెప్పబడు కథలయందు ఎల్లప్పుడును అందమైన జంతువులే వచ్చుచుండును. గాయపడిన పావురము, తల్లిని బాసిన లేడిపిల్ల, వానలో తడిసి వాకిట వణకుచు నిలిచిన కుక్కపిల్ల, వీనిని చూచి జాలిపడని బాలుడు అరుదు. అట్టి జాలి పుట్టుటకు మన ప్రయత్నమేమియు అక్కఱలేదు. ఆ కన్నులే దానిని పుట్టించును. కావున ఈ యేటి సంచికకు ఒక పాఠము వ్రాయవలసి వచ్చినప్పుడు, ఎవ్వరును జాలిపడని యొక పక్షిని గూర్చి వ్రాయుదమని మేము తలచితిమి. ఆ పక్షి రాబందు.

ఈ పేరు వినగానే పలువురు మొగము చిట్లింతురు. మన వాడుకలో ఇది యొక తిట్టు. వడ్డీకి వడ్డీ కట్టించుకొను షావుకారును రాబందందుము. లంచము లేనిదే కాగితము కదపని యుద్యోగిని రాబందందుము. విద్యార్థులారా, ఇందు న్యాయమెంతయో మీరే విచారింపుడు. బ్రదికియున్నవారిని పీడించు మనుష్యునకు, చచ్చినదానిని మాత్రమే తిని బ్రదుకు పక్షి పేరు పెట్టుట ఎట్లు తగును?

మేము బాలురమై యున్నప్పుడు, అనగా 1980వ సంవత్సర ప్రాంతమున, మా యూరి పడమట చెఱువుకట్టకు ఆవల పశువులను పాఱవేయు బీడు ఒకటి యుండెడిది. ఊరిలో ఎద్దుగాని గేదెగాని చచ్చినచో దానిని బండిపై వేసికొనిపోయి అచ్చట దింపెడివారు. తోలు తీయువారు తమ పని ముగించుకొని ప్రక్కకు తొలగెడివారు. అంతవఱకు ఆకాశమున ఏమియు కనబడదు. పిదప మిక్కిలి యెత్తున ఒక నల్లని చుక్క, దాని వెనుక రెండు, మఱికొంతసేపటికి లెక్కకు రానన్ని. మేము కట్టపై తుమ్మచెట్టు నీడను కూర్చుండి లెక్కపెట్టుటకు యత్నించి, నలుబది దాటగానే తప్పెడివారము. అవి దిగునప్పుడు రెక్కల చప్పుడు చాప చింపినట్లుండెడిది. దిగిన తరువాత బుసలు, తోపులాట, ఒకదానిపై నొకటి ఎక్కుట! మర్యాద యనునది ఆ పంక్తిలో లేదు. మన యింట అన్నము ఉడుకులోపల అచ్చట భోజనము ముగియునని మా తాతగారు అనెడివారు. మిగిలినవి తెల్లని యెముకలు. కొన్ని దినములకు ఎముకలేరువారు వచ్చి వానిని గోతములలో నింపుకొని ఎరువుల మిల్లునకు అమ్ముకొనెడివారు. ఆ బీటినుండి దుర్గంధము ఊరిలోనికి వచ్చిన దినము మాకు జ్ఞాపకము లేదు.

ఈ పక్షి శరీరనిర్మాణము దాని వృత్తికి ఎంత తగినదో గమనింపదగినది. మన దేశమున విరివిగా నుండిన తెల్లవీపు రాబందు సుమారు ఐదు కిలోల బరువు తూగును. రెక్కలు విప్పినచో ఏడడుగుల మేర. ఇంత దేహమును రెక్కలాడించుచు దినమంతయు మోయుట సాధ్యము కాదు. అందువలన ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచువఱకు అది చెట్టుమీదనే వేచియుండి, పిమ్మట ఆ గాలిపై ఎక్కి రెక్క కదలింపకయే మైళ్లకొలది తిరుగును. మెడపై ఈకలుండవు కావున కళేబరములో తల దూర్చినను రక్తము అంటుకొని నిలువదు. దాని కడుపులోని ఆమ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. మనుష్యునికి ప్రాణాంతకములగు పెక్కు సూక్ష్మజీవులు అచ్చట నశించును. ఇంతటి జీర్ణశక్తి కలిగియు సంతానమున మాత్రము ఇది పేద. సంవత్సరమునకు ఒకటే గ్రుడ్డు. తల్లియు తండ్రియు వంతులవారిగా నెలన్నరకు పైగా దానిని పొదుగును. పిల్ల గూడు విడుచుటకు మఱి మూడు నెలలు పట్టును. ఆ పిల్ల పెరిగి తాను గ్రుడ్డు పెట్టుటకు ఐదేండ్లు కావలయును. తమ కొక్క బిడ్డయే గల తలిదండ్రులు ఆ బిడ్డను గూర్చి ఎంత భయపడుదురో మీరెఱుగుదురు. రాబందు జాతియంతయు అట్టిదే.

రామాయణమున జటాయువు కథ మన పిల్లలందఱు విన్నదే. సీతను కొనిపోవు రావణుని అడ్డగించి రెక్కలు తెగి పడిన ఆ ముసలి పక్షికి రాముడు తండ్రికి చేసినట్లు దహనముచేసి, గోదావరిలో ఉదకము విడిచెను. ఆ పక్షి పడినచోటు లేపాక్షియని మన రాయలసీమవారు చెప్పుకొందురు. ఏ మతమువారమైనను ఈ కథలో మేము గమనించున దొకటి కలదు. లోకమునకు అశుభముగా తోచు పక్షికి ఆ కవి పితృస్థానమిచ్చెను. మనము కథను ఉంచుకొని పక్షిని మఱచితిమి.

ఇక మా స్వవిషయము కొంత చెప్పవలసియున్నది. 1996వ సంవత్సర ప్రాంతమున మా యింట ముసలి యెద్దు ఒకటి యుండెను. పదునెనిమిది యేండ్లు మా పొలము దున్నినది. దాని కీళ్లు వాచి, లేవలేక, కొట్టములో పడి మూలుగుచుండెను. అమ్మివేయుమని చెప్పినవారు లేకపోలేదు. మా తండ్రిగారు అందుకు ఒప్పుకొనలేదు. మేము పట్నమునకు పోయి పశువుల డాక్టరును పిలిచికొని వచ్చితిమి. ఆయన సూదిమందు వేసెను. ఆ రాత్రి యెద్దు లేచి నిలిచి, రెండు పరకలు గడ్డి కొఱికెను. మా తల్లిగారు కన్నీరు తుడిచికొనిరి. మఱునాడు మఱల సూది వేయించితిమి. మూడవనాటి తెల్లవారుజామున అది చచ్చెను. బాధ లేకుండ పోయినదిగదా యని మేము సంతోషించితిమి. యథాప్రకారము బండిపై వేసి చెఱువుకట్ట ఆవలికి చేర్చితిమి.

ఆ దినమున రాబందులు వచ్చినవో రాలేదో మాకు జ్ఞాపకము లేదు. ఎంత తలచికొన్నను జ్ఞాపకమునకు రాదు. బాల్యమున వానిని లెక్కపెట్టినవారము, పెద్దవారమైన తరువాత తలయెత్తి చూడనైన లేదు. అవి యెప్పుడును ఉండునవే గదా యని!

ఆ కాలముననే, భరతపురమునందలి కేవలాదేవ్ పక్షిశరణాలయములో రాబందుల గూళ్లు ఏటేట తగ్గుచున్నవని విభు ప్రకాశ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు గుర్తించెను. పక్షులు మెడలు వ్రేలవైచి చెట్లపై రోజులతరబడి కూర్చుండి, పిదప క్రిందపడి చచ్చుచుండెను. ఏదో అంటువ్యాధి యని మొదట పలువురు తలచిరి. కడకు పాకిస్థానమునందలి పంజాబులో చచ్చిన రాబందులను కోసి చూచిన లిండ్సే ఓక్స్ అను అమెరికా పశువైద్యశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2004లో అసలు కారణమును ప్రకటించిరి. చచ్చిన పక్షుల మూత్రపిండములు పాడై, యూరిక్ ఆమ్లము సున్నము పూసినట్లు లోపలి యవయవములపై పేరుకొనియుండెను. అట్టి పక్షులన్నింటిలోను ఒకే మందు జాడ కనబడెను. దాని పేరు డైక్లోఫెనాక్. మనుష్యులు ఒళ్లునొప్పులకు మ్రింగునదే. 1990 తరువాతి యేండ్లలో అది మిక్కిలి చౌకయై పశువుల వైద్యములోనికి వచ్చినది.

పశువునకు ఆ మందు నొప్పి తగ్గించును. ఆ పశువు బ్రదికినచో కొన్ని దినములలో మందు దేహమునుండి వెడలిపోవును. సూది వేసిన ఒకటి రెండు దినములలో చచ్చినచో మాత్రము మాంసములో నిలిచియుండును. దానిని తిన్న రాబందు కొద్దిదినములలోనే చచ్చును. నూఱు కళేబరములలో ఒక్కదానియందైనను లేకున్నను, అంతకంటె తక్కువ పాళ్లలో ఈ విషమున్నను, జాతి యంతయు నశించుటకు చాలునని లెక్కకట్టిరి. ఏలయనగా ఒక కళేబరమును తినుటకు ఎన్ని పక్షులు దిగునో మేము కట్టపై కూర్చుండి చూచినవారమేగదా.

మన దేశమున 1992కును 2007కును నడుమ తెల్లవీపు రాబందులలో వేయింటికి తొమ్మిదివందల తొంబదితొమ్మిది పోయినవి. పొడవుముక్కు రాబందులును సన్నముక్కు రాబందులును నూటికి సుమారు తొంబదియేడు పోయినవి. ప్రపంచమున పెద్ద మాంసాహార పక్షులలో మిక్కిలి విస్తారమైనదని పేరుపడిన జాతికి పదునైదేండ్లలో కలిగిన గతి ఇది.

అవి లేని లోటు కొంతకాలమునకు గాని తెలియలేదు. కళేబరములు కుళ్లుచు పడియుండెను. ఊరకుక్కలు వానిని మరగి పెరిగినవి. కుక్కలతోపాటు కుక్కకాటును, పిచ్చికుక్క రోగమును పెరిగినవి. నీళ్లు చెడినవి. రాబందులుండిన జిల్లాలను లేని జిల్లాలతో పోల్చి ఇద్దఱు అర్థశాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2000 మొదలు 2005 వఱకు ఈ పక్షుల లోటువలన మన దేశమున సుమారు 5 లక్షలమంది అదనముగా మరణించియుందురు. పార్సీలు తమవారి శవములను పక్షులకర్పించుట పూర్వాచారము. బొంబాయిలో ఆ పక్షులు రాకపోగా, అద్దములతో సూర్యకిరణములను శవముపై కూర్చు యంత్రములను పెట్టుకొనవలసి వచ్చినది.

జీవితము అనిత్యమని మనకు బోధించువారు రాలిన పువ్వును చూపుదురు, ఎండిన ఆకును చూపుదురు. కాని పువ్వు రాలినను చెట్టున్నదిగదా, వచ్చే యేట మఱల పూయునుగదా యని మనస్సు తనకు తాను ధైర్యము చెప్పుకొనును. ఒక కాకి చచ్చును, కాకులుండును. తాత పోవును, మనుమడుండును. ఈ ధైర్యముతోడనే మనము మరణమును సహించుచున్నాము. రాబందు ఈ ధైర్యమును మానుండి కొంత తీసికొన్నది. చావునకు సాక్షిగా ప్రతి యూరి పొలిమేరను నిలిచినది, దేహము తుదకేమగునో బాలురమగు మాకు సిగ్గులేక చూపినది, తానే పోయినది. పోయిన దినము మే మెఱుగము. విస్తారముగా నున్నవి శాశ్వతముగా నుండునని తలచుట మా బాల్యపు పొరపాటు. మా వలెనే మా తరమువా రందఱును పొరపడిరి.

మఱి మా యెద్దునకు సూది వేయించుట తప్పా? ఈ ప్రశ్న మమ్ము పెక్కు రాత్రులు వేధించినది. పశువు మూలుగుచుండగా విని ఊరకుండుట మాకు చేతకాదు; నేడైనను వేయింతుము. అప్పటికి ఆ మందు సంగతి ఎవ్వరికిని తెలియదు, డాక్టరుగారికిని తెలియదు. ఐనను తెలియకపోవుటచేత ఆ పక్షులు బ్రదుకలేదు. మా దయ కొట్టము గోడలవఱకు పోయి నిలిచినది. బండి చెఱువుకట్ట దాటిన తరువాత ఏమి జరుగునని మేము అడుగలేదు. అడిగినచో తెలిసెడిది కాదేమో. నేడు అడుగుటకు వీలున్నది గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ప్రభుత్వమువారు 2006లో పశువులకు ఈ మందును నిషేధించిరి. మెలాక్సికామ్ అను మఱియొక మందు నొప్పిని తగ్గించుచు రాబందులకు హాని చేయదని అదే యేట పరీక్షలవలన తేలెను. ఐనను మనుష్యులకై చేసిన పెద్దసీసాలను కొని పశువులకు వాడువారుండుటచేత, 2015లో ఆ సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదని కట్టడిచేసిరి. ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ అనునవియు హానికరములని తేలి 2023లో పశువైద్యమునుండి తొలగింపబడినవి. హర్యానాలోని పింజోరులో ఈ పక్షులను పెంచి గ్రుడ్లు పెట్టించు కేంద్రమొకటి కలదు. అచ్చటినుండి 2020లో కొన్ని తెల్లవీపు రాబందులను ఆకాశమునకు విడిచిరి. హైదరాబాదు జంతుప్రదర్శనశాలయందును ఇట్టి ప్రయత్నము చేసిరి. అప్పటి ఆదిలాబాదు జిల్లాలో, బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టపై 2013లో పొడవుముక్కు రాబందుల గూళ్లు కనబడినప్పుడు, చచ్చినవాని పేరు పిలువగా పలికినంత ఆశ్చర్యమైనది. సంవత్సరమునకు ఒక్క గ్రుడ్డు పెట్టు జాతి మఱల పెరుగుటకు ఎన్ని యేండ్లు పట్టునో మీరు పలకపై లెక్కవేసికొనవచ్చును. మా జీవితకాలమున మాత్రము ఆ లెక్క తెగదు.

గడచిన వేసవి సెలవులలో మేము మా యూరికి పోయితిమి. చెఱువుకట్ట ఆవలి బీడు ఇండ్లస్థలములైనది; సరిహద్దు రాళ్లు పాతియున్నవి. మా తమ్ముని గేదె కాలు బెణికి కుంటుచుండెను. పశువుల డాక్టరు వచ్చి మందు తీయగా, ఏమి మందని మేము అడిగితిమి. ఆయన మొదట కొంచెము చిన్నబుచ్చుకొన్నట్లు తోచినది. కారణము చెప్పిన పిమ్మట నవ్వి, సీసాను మా తమ్ముని కుమారుని చేతిలో పెట్టెను. వాడు దానిని వెలుతురునకు పట్టి ఒక్కొక్క యక్షరము కూడబలికికొనుచు, "మె-లా-క్సి-కామ్ అని ఉంది పెదనాన్నా" అనెను. సూది వేయుచున్నంతసేపు గేదె మా వైపు చూచుచు నెమరు వేయుచుండెను.

డాక్టరు వెళ్లిన తరువాత వాడు మాతోకూడ చెఱువుకట్టపైకి వచ్చెను. పడమట మిక్కిలి యెత్తున ఒక పక్షి చక్రములు తిరుగుచుండెను. "అదేనా?" యని వాడడిగెను. మేము చేయి అడ్డము పెట్టుకొని చాలసేపు చూచితిమి. తోక చీలియున్నది. అది గ్రద్దయని వానికి చెప్పితిమి.