గాలిమర కొండెక్కితే కింది చెరువుకేమవుతుంది?

బొంరాస్‌పేట నుంచి పరిగి వైపు ప్రయాణించేటప్పుడు మీరెప్పుడైనా బస్సు కిటికీలోంచి బయటికి చూశారా? పరిగి ప్రాంతపు మెరక నేలల మీద ఎత్తయిన తెల్లని స్తంభాలు, వాటి కొసన తాపీగా తిరిగే మూడేసి రెక్కలు కనిపిస్తాయి. అవే గాలిమరలు. తెలంగాణలో గాలి విద్యుత్తు సామర్థ్యం మొత్తం కలిపి 128 మెగావాట్లే. ఆంధ్రప్రదేశ్‌లో అది 4,000 మెగావాట్లు దాటింది. అందులో చాలా భాగం రాయలసీమ గుట్టల మీదే ఉన్నది.

గాలిని ఎవరూ కొననక్కరలేదు. దానివల్ల పొగ రాదు, బూడిద రాదు. మరి తమ ఊరి గుట్ట మీదికి గాలిమరలు వస్తున్నాయని తెలిస్తే కొందరు రైతులు, కాపరులు ఎందుకు కలవరపడతారు? తెలియక భయపడుతున్నారని కొట్టిపారేయడం తేలికే. కాని ఆ భయాలను ఒక్కొక్కటిగా తీసుకుని లెక్కగట్టి చూస్తే కొన్ని నిలవవు, కొన్ని గట్టిగా నిలుస్తాయి.

ముందుగా, గాలిమరలు గుట్టల మీదే ఎందుకు? గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం సెకండుకు 5 మీటర్లయితే ఘనం 125. వేగం 6 మీటర్లయితే 216. వేగం పెరిగింది ఐదో వంతే, శక్తి మాత్రం ముప్పాతిక వంతు దాకా పెరిగింది! చదునైన నేల మీద వీచే గాలి గుట్ట ఎక్కేటప్పుడు ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది. అందుకే ఇంజనీర్ల కన్ను గుట్ట కొసల మీద పడుతుంది.

53 మీటర్ల వ్యాసం గల ఒక మరను తీసుకోండి. దాని రెక్కలు తిరిగే వృత్తం వైశాల్యం సుమారు 2,200 చదరపు మీటర్లు. సెకండుకు 6 మీటర్ల గాలిలో ఆ వృత్తం గుండా పోయే శక్తి దాదాపు 285 కిలోవాట్లు. దాన్నంతా పట్టుకుంటే గాలి అక్కడే ఆగిపోవాలి, వెనకనుంచి వచ్చే గాలికి దారి ఉండదు. కనుక ఎంత గొప్ప మర అయినా 59 శాతానికి మించి పట్టలేదు. ఈ హద్దును జర్మన్ శాస్త్రవేత్త బెట్జ్ లెక్కగట్టాడు. ఆచరణలో మనకు దక్కేది 120 కిలోవాట్ల ప్రాంతం. గాలి వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మర మీద రాసిన 800 కిలోవాట్లు అప్పటి మాట, ప్రతిరోజు మాట కాదు.

ఇప్పుడు అనంతపురం జిల్లాకు పోదాం. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చే ప్రాంతం. చెన్నేకొత్తపల్లి దాపున కల్పవల్లి అనే గుట్టల వరుస ఉన్నది. ఒకప్పుడవి బోడిగుట్టలు. 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్ళవారు, టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ సాయంతో, వాటిని కాపాడుకుంటూ వచ్చారు. ఎండాకాలంలో మంటలు అంటుకోకుండా చూశారు. చెట్లు నరకనివ్వలేదు. విత్తనాలు చల్లారు. క్రమంగా గడ్డి లేచింది, వాగుల వెంట ఈతచెట్లు పెరిగాయి. గొర్రెలకు మేత, బుట్టలకు ఈత ఆకు, ఇంటి కప్పుకు బోదగడ్డి దొరికాయి. తోడేళ్ళు, ఎలుగుబంట్లు తిరిగి వచ్చాయి. మన దేశంలోకెల్లా వానలు బాగా తక్కువ కురిసే ప్రాంతాల్లో ఇదొకటి అన్న సంగతి మరవకండి.

అయితే రెవెన్యూ రికార్డులో ఆ నేల పేరు మారలేదు. కాగితం మీద అది ఇంకా బంజరే. బంజరు మీద గాలిమరలు పెడితే ఎవరికి నష్టమని ఎవరికైనా తోచడం సహజమే. ఆ ప్రాంతంలో నల్లకొండ గాలి విద్యుత్ కేంద్రం వచ్చింది. 800 కిలోవాట్ల మరలు 63, అంటే 50.4 మెగావాట్లు. గాలి విద్యుత్ కేంద్రాలకు ముందుగా పర్యావరణ పరిశీలన జరగాలన్న నియమం 2006 నాటి నోటిఫికేషన్‌లో లేదు. వివాదం 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది.

అక్కడి ప్రజల ప్రధానమైన ఫిర్యాదు మర మీద కాదు, దారి మీద! ఇది ఆలోచించదగిన విషయం. ఒక్కొక్క రెక్క పాతిక మీటర్లకు పైగా పొడవు, విరవడానికి వీల్లేదు. దాన్ని మోసే లారీ ఎద్దులబండిలా మలుపు తిరగలేదు, నిట్టనిలువుగా ఎక్కలేదు. కనుక గుట్టను చుట్టుకుంటూ, వాలు తక్కువగా, వెడల్పాటి దారి తొలవాలి. పైన క్రేను నిలబడడానికి చదును చేయాలి. తవ్విన మట్టిని, మొరాన్ని పక్కన వాలులోకి తోస్తారు. తొలకరి జోరువానకు అదంతా వాగులోకి, వాగులోంచి కింది చెరువులోకి దిగుతుంది. ఇరవై ఏళ్ళపాటు గడ్డివేళ్ళు పట్టి ఉంచిన మన్ను అది. చెరువు పూడితే నీరు తగ్గుతుంది, దారి అడ్డుపడితే నీటి నడక మారుతుంది. పూడిక తీయడానికి అయ్యే ఖర్చు కరెంటు లెక్కలో కనిపించదు.

ఇక నిలవని భయం ఒకటి: "గాలిమరలు మబ్బులను తరిమేస్తాయి." మహారాష్ట్రలోనూ మన సీమలోనూ కరువు వచ్చినప్పుడు ఈ మాట వినిపించింది. పైన చెప్పిన మరలో రెక్క కొస ఎంత ఎత్తుకు పోయినా భూమి నుంచి 100 మీటర్ల ప్రాంతమే. వానమబ్బులు కొన్ని వందల మీటర్ల నుంచి కొన్ని కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. వేల కిలోమీటర్లు నడిచివచ్చే నైరుతి ఋతుపవనానికి ఒక గుట్ట మీది మరలు లెక్కలోనికి రావు. మరల వెనుక గాలి కలగాపులగం కావడం మాత్రం నిజం. రాత్రిపూట నేల దగ్గర కాస్త వెచ్చబడుతున్నట్లు అమెరికాలోని టెక్సాస్‌లో ఉపగ్రహాల కొలతలను బట్టి 2012లో తేల్చారు.

చప్పుడు సంగతి దూరాన్ని బట్టి ఉంటుంది. పెద్ద మర నుంచి 300 మీటర్ల దూరాన సుమారు 45 డెసిబెల్స్ చప్పుడు వినిపించవచ్చు. మన దేశంలో ఇళ్ళుండే చోట రాత్రివేళ హద్దు కూడా అంతే. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కనుక "మర మంచిదా?" అని కాక, "మా ఇంటికి ఎన్ని మీటర్లలో పెడతారు?" అని అడగడమే సరైన ప్రశ్న.

పక్షుల విషయంలో చక్కని పరిశోధన ఒకటి జరిగింది. మహారాష్ట్ర పడమటి కనుమల్లోని చాల్కేవాడి పీఠభూమి మీద బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు గమనించి 2018లో ప్రకటించారు. మరలున్నచోట గద్దలవంటి వేటపక్షులు దాదాపు నాలుగో వంతుకు తగ్గాయి. దానితో తొండల సంఖ్య పెరిగింది, వాటికి శత్రుభయమూ తగ్గింది! తాపీగా తిరిగినట్లు కనబడే రెక్క గద్దకు ఎందుకంత ప్రమాదం? మీరే లెక్కవేయండి. రెక్క పొడవు 50 మీటర్లు, నిమిషానికి 15 చుట్లు అనుకుంటే, కొస సెకండుకు 78 మీటర్లు, అంటే గంటకు 280 కిలోమీటర్లు పరుగెడుతోంది.

డెన్మార్క్‌లో సామ్‌సో అనే చిన్న సేద్యపు దీవి ఉన్నది. 2000లో అక్కడ నేల మీద 11 మరలు నిలిపారు. తొమ్మిది స్థానిక రైతులవి, రెండు ఊరివాళ్ళు వాటాలు వేసుకున్నవి. చప్పుడు మన మరలకూ వాటికీ ఒకటే. కాని ఎక్కడ పెట్టాలన్న చర్చలో అక్కడివారు మొదటినుంచీ కూర్చున్నారు, తిరిగిన ప్రతి చుట్టుకూ వారికి ఆదాయం ముట్టింది. కల్పవల్లి కాపరికి ఆ రెండూ లేవు.

మీరు చేయదగిన ప్రయోగం ఇదిగో. రెండు పాత రేకు పళ్ళాలు తీసుకోండి. ఒకదానిలో గడ్డితో సహా పెళ్ళగించిన మట్టిగడ్డ, రెండవదానిలో అదే చోటి వట్టి మన్ను నింపండి. రెంటినీ ఒకే వాలుగా ఇటుక మీద ఆనించి, కింద గాజు గ్లాసులు పెట్టండి. చిల్లుల డబ్బాతో ఒక్కొక్కదాని మీద ఒక లీటరు నీరు చల్లండి. గ్లాసులను కదపకుండా తెల్లవారేదాకా ఉంచి, అడుగున పేరిన మన్నును స్కేలుతో కొలవండి.