కృష్ణబిలం పక్కన కొలిమి

కమ్మరి కొలిమిలో ఇనుము కాలడం మీరు చూసే ఉంటారు. మొదట ఎర్రబడుతుంది. ఇంకా కాలితే పసుపుగా, ఆపైన తెల్లగా వెలుగుతుంది. రంగును బట్టి ఇనుము ఎంత కాలిందో కమ్మరి చెప్పేస్తాడు. నక్షత్రాల వేడిని శాస్త్రజ్ఞులు కనుక్కునేదీ ఇలాగే. ఖైరతాబాద్ దగ్గర నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియంలో చూపించే నక్షత్రాలు మన కంటికి ఆనే కాంతితో వెలిగేవే. కాని కోటి డిగ్రీల వేడిగల వాయువు ముఖ్యంగా ఎక్స్-కిరణాలను వెదజల్లుతుంది. అటువంటి కొలిమి కొన్ని కృష్ణబిలాల చుట్టూ ఉంటుంది.

విజృంభణ ఎందుకు?

కృష్ణబిలం నుంచి కాంతి కూడా బయటపడలేదు గదా, మరి ఈ వెలుగు ఎక్కడిది? కొన్ని కృష్ణబిలాలు మామూలు నక్షత్రంతో జంటగా తిరుగుతుంటాయి. ఆ నక్షత్రం నుంచి లాగిన వాయువు తిన్నగా లోపల పడదు. సుడి తిరుగుతూ పళ్లెంలా పరుచుకుని, ఏళ్ల తరబడి పోగవుతుంది. దాని వేడి సుమారు పదివేల డిగ్రీలకు చేరేసరికి హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. వాయువు పొరల మధ్య రాపిడి హెచ్చి, అంతా వేగంగా లోపలికి జారుతుంది. ఇదే విజృంభణ.

1975 ఆగస్టులో ఏరియల్-5 ఉపగ్రహం ఇలాంటి జంటను కనిపెట్టింది. దాని పేరు ఎ 0620-00. సూర్యుణ్ణి మినహాయిస్తే, కొన్ని వారాలపాటు ఆకాశంలో ఎక్స్-కిరణాలతో అన్నిటికన్నా ఎక్కువ వెలిగింది అదే! పాత ఫోటో పలకలు వెతికితే అది 1917లోనూ వెలిగినట్టు తేలింది.

వర్ణపటం చెప్పే సంగతి

ఎక్స్-కిరణాలను శక్తిని బట్టి విడదీసి, ఏ శక్తి వద్ద ఎన్ని ఉన్నాయో గీస్తే వర్ణపటం వస్తుంది. విజృంభణ మొదట్లో అధికశక్తి కిరణాలు మెండు. ఇది ‘కఠిన స్థితి’. కృష్ణబిలం దగ్గర సుమారు వందకోట్ల డిగ్రీల ఎలక్ట్రాన్ల మేఘం ఉంటుంది. పళ్లెం నుంచి వచ్చిన కిరణాలు ఆ ఎలక్ట్రాన్లను ఢీకొని, స్ట్రైకర్ తగిలిన కేరమ్స్ కాయలాగా శక్తి పుంజుకుంటాయి. తరువాత పళ్లెం వెలుగే పైచేయి అవుతుంది. వర్ణపటం కొద్ది కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఎద్దు మూపురంలా లేస్తుంది. ఇది ‘మృదు స్థితి’. చల్లారేటప్పుడు మళ్లీ కఠిన స్థితి వస్తుంది.

మూపురం ఉన్న చోటు పళ్లెం వేడిని చెబుతుంది. ఆ వేడి, వెలుగు, జంట ఉన్న దూరం తెలిస్తే పళ్లెం లోపలి అంచు కృష్ణబిలానికి ఎంత దగ్గరో లెక్కకట్టవచ్చు. కంటికి కనిపించని దాన్ని కొలవడమంటే ఇదే!

హైదరాబాదు బెలూన్లు

ఈ కిరణాలను మన గాలి పొర మింగేస్తుంది. అందుకని 1968లో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు హైదరాబాదు నుంచి బెలూన్ ఎగరేసి, స్కార్పియస్ ఎక్స్-1 నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను కొలిచారు. అది న్యూట్రాన్ నక్షత్రమున్న జంట. అయితే సుమారు 40 కిలోమీటర్ల ఎత్తున మిగిలిన పలుచని గాలి కూడా మృదు కిరణాలను ఆపేస్తుంది. అంటే బెలూన్‌కు దొరికేది సగం కథే!

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఆ కొరత తీర్చింది. దాని పరికరాలు అన్నీ కలిసి 0.3 నుంచి 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఒకేసారి చూడగలిగేలా తయారయ్యాయి. 2018లో మాక్సి జె1820+070 అనే కృష్ణబిల జంట విజృంభించినప్పుడు దాన్నీ పరిశీలించింది.

ఇప్పుడు మీరు చెప్పండి: మృదు స్థితిలో మూపురం రోజురోజుకూ తక్కువ శక్తివైపు జరుగుతుంటే, పళ్లెం వేడెక్కుతున్నట్టా, చల్లబడుతున్నట్టా? కమ్మరి ఇనుమును తలచుకుంటే జవాబు దొరుకుతుంది.