గుత్పల సంఘం

ఈ మధ్య పేపర్లలో ‘ఆంటిఫా’ అన్న మాట కనబడుతున్నది. 1932లో జర్మనీ కమ్యూనిస్టులు ఫాసిజం మీద పోరుకు పెట్టిన ‘ఆంటిఫాషిస్టిషె ఆక్ట్‌సియోన్’ను కుదిస్తే వచ్చిన పేరిది. ఫాసిజానికి మూలం ఇటలీ మాట ‘ఫాషియో’, అంటే కట్ట. పాత రోములో అధికారుల ముందు మోసిన బెత్తాల కట్టే ముస్సోలినీకి గుర్తయింది.

నిజాం రాజ్యంలో మన పల్లెజనానికి ఈ మాటలతో పనిలేదు. ఆంధ్ర మహాసభను వాళ్లు ‘సంఘం’ అన్నారు. గుత్పలు పట్టి దొరల గూండాలకు అడ్డం నిలిచినంక అది ‘గుత్పల సంఘం’ అయింది. గుత్ప అంటే మరేదో ఆయుధం కాదు, మా కొట్టంల మూలకుండే దుడ్డుకర్రే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు ఒరిగిన నాడు ఊరేగింపు చేతుల్లో ఉన్నవి గుత్పలు, వడిసెలలే.

ఎదుటి పక్షం మాట చూడండి. ‘రజాకార్’ అంటే స్వచ్ఛంద సేవకుడు. ఎంత మంచి అర్థం! 1948 నాటికి ఆ పేరు వింటే ఊళ్లు ఖాళీ అయ్యేవి.