నీరు ఎక్కడికి పోయెను?



మిరపకాయల బేరము ముమ్మరముగా సాగుచున్న మార్చి మాసమున ఒకనాడు తొమ్మిదవ తరగతిలో ద్రవ్యనిత్యత్వ నియమమును బోధించితిని. పదార్థము రూపము మార్చుకొనునే కాని నశింపదనియు, ప్రయోగమునకు ముందున్న బరువును తరువాతనున్న బరువును సమానముగానుండుననియు, ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడగు లవోజియే 1789లో ప్రకటించిన గ్రంథమున ఈ సత్యమును స్థిరపరచెననియు చెప్పితిని. గంట మ్రోగిన పిమ్మట వసతిగృహమందుండు బాలిక యొకతె నా బల్లయొద్దకు వచ్చి, “మాస్టారు గారూ, పదార్థము నశింపదని మీరు చెప్పితిరి గదా. మరి మా నాయన నడుపు లారీలో కూలెంటు తరిగిపోవుచున్నది. క్రింద ఒక్క చుక్కయైనను పడుట లేదు. అది ఎక్కడికి పోవుచున్నదండీ?” అని యడిగెను.

ఆమె వినోదమునకై అడిగినది కాదు. ఆ లారీ అప్పుమీద కొన్నది. కొని సంవత్సరమైనను నిండలేదు. ఇంకను వారంటీలో నున్నది. యజమాని రెండు మారులు దానిని సర్వీసు సెంటరునకు పంపెను. రెండు మారులును “దోషమేమియు కనబడలేదు” అని కాగితముమీద వ్రాసి పంపిరి. బండిలో దోషము లేనియెడల దోషము మనుష్యునిలో నుండవలెనని యజమాని తలంచెను. క్రొత్త కూలెంటు డబ్బాలను డ్రైవరు దారిలో అమ్ముకొనుచున్నాడని అనుమానించి, నెలాఖరున పని మానుకొనుమని చెప్పెను. తండ్రికి పని పోయినచో ఆ బాలిక చదువు మానుకొనవలసియుండెను.

ఆమె ప్రశ్నకు సమాధానము వెదకిన క్రమమునే ఈ పాఠముగా వ్రాయుచున్నాను.

కూలెంటు చేయు పని

ఇంజనులో డీజిలు మండగా పుట్టు వేడిమి యంతయు బండిని నడుపుటకు ఉపయోగపడదు. కొంత పొగతో బయటికి పోవును. కొంత ఇంజను లోహమును వేడిచేయును. ఆ వేడిని తీసివేయనిచో ఇంజను చెడిపోవును. కావున వాటరు పంపు కూలెంటును ఇంజను చుట్టునున్న కాలువలలో ప్రవహింపజేసి రేడియేటరునకు పంపును. అచ్చట గాలి తగిలి అది చల్లారి మరల ఇంజనులోనికి వచ్చును.

కూలెంటు వట్టి నీరు కాదు. నీటిలో ఇథిలీను గ్లైకాలు అను ద్రవమును, తుప్పు పట్టకుండ కాపాడు మందులను కలిపినది. దానికి మూత బిగించి పీడనములో నుంచుదురు. సముద్రమట్టమున నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. పీడనము రెట్టింపైనచో సుమారు 120 డిగ్రీల వద్ద గాని మరుగదు. అందుచేతనే ఇంజను వేడిగానున్నప్పుడు మూత తీయరాదు. తీసినచో పీడనము ఒక్కసారిగా తగ్గి, లోపలి ద్రవము మరిగి పైకి చిమ్మి ముఖమును చేతులను కాల్చును.

తరుగుట మూడు విధములు

మొదటిది, నిజముగా తరుగకయే తరిగినట్లు తోచుట. వేడికి ద్రవములు వ్యాకోచించును. 20 లీటర్ల నీరు 30 డిగ్రీల నుండి 90 డిగ్రీలకు వేడెక్కినచో 600 మిల్లీలీటర్లకు పైగా పెరుగును. సాయంకాలము వేడిమీద చూచినవాడు నిండుగానున్నదనును. ఉదయము చల్లారిన పిమ్మట చూచినవాడు తరిగినదనును. ఇద్దరును చూచినది నిజమే. మరియు క్రొత్తగా కూలెంటు నింపినప్పుడు కాలువలలో చిక్కుకొనిన గాలి బయటికి వచ్చిన కొలది మట్టము కొంత దిగును. అయితే అట్టి తరుగుదల కొలదికాలములో నిలిచిపోవును.

రెండవది, బయటికి కారుట. హోసు గొట్టముల క్లాంపుల యొద్దను, రేడియేటరు అంచులయందును, వాటరు పంపు క్రిందనుండు చిన్న రంధ్రము వద్దను కారవచ్చును. నేలమీద చుక్క పడనంతమాత్రమున కారుట లేదని చెప్పరాదు. వేడి లోహముమీద పడిన చుక్క అక్కడనే ఆవిరియైపోవును. కాని దానిలో కలిపిన మందులును రంగును ఆవిరి కావు; అవి తెల్లని లేక రంగుగల పొరగా మిగులును. ఆ మరకను పట్టి చోటును కనుగొనవచ్చును. కొన్ని అతుకులు చల్లగానున్నప్పుడు మాత్రమే కారును. ఏలయనగా అల్యూమినియము పోత ఇనుముకంటె ఇంచుమించు రెండు రెట్లు వ్యాకోచించును గనుక, వేడిలో బిగిసియుండిన అతుకు చల్లారగానే సందు విడువవచ్చును.

మూడవది, లోపలనే పోవుట. దీనికి నాలుగు దారులు ముఖ్యమైనవి. సిలిండరు హెడ్డు గాస్కెట్టు చెడినచో కూలెంటు సిలిండరులోనికి పోయి పొగగొట్టమునుండి ఆవిరిగా వెలువడును. ఆయిలు కూలరు చెడినచో కూలెంటును ఆయిలును కలిసికొనును. అప్పుడు ఆయిలు మజ్జిగవలె తెల్లబారును. లారీ బ్రేకులకు గాలినిచ్చు కంప్రెసరును కూలెంటుతో చల్లబరచు బండ్లలో, దాని హెడ్డు పగిలినచో గాలిట్యాంకులోనికి నీరు చేరును. నాలుగవది ఇ.జి.ఆర్. కూలరు. పొగలోని కలుషితములను తగ్గించుటకై కొన్ని ఇంజనులలో పొగను కొంత మరల ఇంజనులోనికే పంపుదురు. ఆ పొగను ముందుగా చల్లార్చు పాత్రయే ఇ.జి.ఆర్. కూలరు. దానిలో సన్నని గోడకు ఒక ప్రక్క వేడిపొగ, మరియొక ప్రక్క కూలెంటు ప్రవహించును. ఆ గోడ చిట్లినచో కూలెంటు పొగ దారిలో పడును.

పద్దు వ్రాయుట

తండ్రిని పిలిపించి, అతడు బండిలో చూచిన సంగతులన్నియు చెప్పించుకొంటిని. ఆయిలు చూచు కడ్డీ శుభ్రముగానే యున్నదనెను. గాలిట్యాంకు తిప్పినప్పుడు కూలెంటు రాలేదనెను. కాని ఉదయము ఇంజను వేసిన కొద్ది నిమిషములు తెల్లని పొగ వచ్చుచున్నదనియు, అది కొంచెము తియ్యని వాసన వేయుచున్నదనియు చెప్పెను. “ఈ మాట సర్వీసు సెంటరులో చెప్పితివా, నాయనా?” అని యడుగగా, “చెప్పితినండి, వారు చూచునప్పటికి ఇంజను వేడెక్కి పొగ నిలిచిపోయినదండి” అనెను.

అప్పుడు మేము ఒక నోటు పుస్తకమున ఐదు గడులు గీసితిమి: తేది, కిలోమీటర్లు, ఇంజను చల్లారునంతసేపు ఆపిన మారులు, పోసిన కూలెంటు, ఇతర విశేషములు. బండిని ఎల్లప్పుడును చదునైన నేలమీద నిలిపి, ఉదయము ఇంజను వేయకముందే మట్టము చూడవలెననియు, డబ్బాపై అంటించిన కాగితపు గీత వరకు కొలపాత్రతో పోయవలెననియు, లారీ కంపెనీవారు నిర్ణయించిన కూలెంటునే వాడవలెననియు నియమము చేసికొంటిమి. పోయుటకు ముందును తరువాతను ఫోనుతో ఫోటో తీయుటకు యజమానియు సమ్మతించెను. తండ్రి చెప్పిన అంకెలను బాలిక వ్రాసెను.

మొదటి వారము లారీ గుంటూరునుండి చెన్నైకి మూడు మారులు పోయి వచ్చెను. 2,400 కిలోమీటర్లు నడిచెను. చల్లారునట్లు ఆపినది 6 మారులు. తరిగినది 450 మిల్లీలీటర్లు. రెండవ వారము పల్లెలనుండి మిరపయార్డునకు సరుకు తోలెను. 620 కిలోమీటర్లు మాత్రమే నడిచెను. చల్లారునట్లు ఆపినది 12 మారులు. తరిగినది 880 మిల్లీలీటర్లు.

ఇప్పుడు మీరే లెక్క చూడుడు. కిలోమీటర్లనుబట్టి చూచినచో, మొదటి వారము 100 కిలోమీటర్లకు సుమారు 19 మిల్లీలీటర్లు, రెండవ వారము సుమారు 142 మిల్లీలీటర్లు. ఈ రెంటికిని పొంతన లేదు. ఆపిన మారులనుబట్టి చూచినచో, మొదటి వారము మారునకు 75, రెండవ వారము ఇంచుమించు 73. అనగా కూలెంటు నడచిన దూరమునుబట్టి గాక, నిలిపిన మారులనుబట్టి తరుగుచున్నదని తేలెను.

దీనికి కారణమేమి? ఇంజను నడుచునప్పుడు ఇ.జి.ఆర్. కూలరు గోడకు రెండు ప్రక్కలను పీడనముండును. ఇంజను ఆపగానే పొగప్రక్క పీడనము పోవును. కూలెంటు ప్రక్క మాత్రము చల్లారువరకు పీడనము నిలిచియుండును. అప్పుడు చిట్లిన చోటునుండి ద్రవము పొగ దారిలోనికి ఊరి, ఉదయము ఇంజను వేయగానే ఆవిరియై తెల్లని పొగగా పోవును. తండ్రి చూచిన పొగకును, కుమార్తె వ్రాసిన అంకెలకును చక్కగా పొందిక కుదిరెను. అయినను ఇది ఊహయే; పరీక్షించి చూడక నిశ్చయమని చెప్పరాదు.

పరీక్షలు

యజమాని ఆ పుస్తకమును ఫోటోలను తీసికొని మూడవ మారు సర్వీసు సెంటరునకు వెళ్లెను. “కూలెంటు పోవుచున్నది” అని మాత్రము చెప్పక, “ఆపిన ప్రతి మారును సుమారు 75 మిల్లీలీటర్లు పోవుచున్నది, ఉదయము మొదటిసారి ఇంజను వేయునప్పుడు తెల్లని పొగ వచ్చుచున్నది, బండిని రాత్రి మీయొద్దనే యుంచి ఉదయము చూడుడు” అని జాబు వ్రాసియిచ్చి, అందినట్లు సంతకము పుచ్చుకొనెను.

వారు మొదట గాస్కెట్టును పరీక్షించిరి. ఇది మన ప్రయోగశాలలో మీరు చేయునదియే. బ్రోమోథైమాల్ బ్లూ అను నీలి ద్రావణములోనికి గొట్టముతో ఊదినచో, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు వలన అది పసుపుపచ్చనగును. అట్లే కూలెంటు పైనున్న గాలిని ఆ ద్రావణము గుండ పంపుదురు. మండిన వాయువు కూలెంటులోనికి వచ్చుచున్నచో రంగు మారును. ఇచ్చట రంగు మారలేదు. గాస్కెట్టుపై అనుమానము తగ్గెను.

తరువాత చేతిపంపుతో కూలెంటు మార్గమున పీడనము ఎక్కించి గేజీ చూచిరి. పూర్వము పావుగంట మాత్రమే చూచి, ముల్లు కదలలేదు గనుక దోషము లేదని వ్రాసియుండిరి. ఈ మారు ఇంజనును వేడిచేసి ఆపి, రాత్రియంతయు పంపును అట్లే యుంచిరి. తెల్లవారునప్పటికి ముల్లు దిగియుండెను. బయట ఎచ్చటను తడి లేదు. పిమ్మట ఇ.జి.ఆర్. కూలరును విప్పగా, పొడి మసియుండవలసిన పొగప్రక్క తడిగానుండెను. తెల్లని పొరయు కట్టియుండెను. వారంటీ క్రింద సొమ్ము పుచ్చుకొనకయే దానిని మార్చిరి. ఆ తరువాత మూడు వారములు పద్దు వ్రాసితిమి. గీత కదలలేదు.

దీనిని చిన్న తరుగుదలయని యుపేక్షించుట క్షేమము కాదు. కూలెంటు సిలిండరులో చేరి నిలిచినచో, ద్రవము గాలివలె అణగదు గనుక, ఇంజను వేయగానే కనెక్టింగు రాడ్డు వంగవచ్చును. అప్పుడు చెడునది ఇంజనే.

పెద్దలకు కొన్ని మాటలు

బండ్లు గల తలిదండ్రులకు మనవి. వారంటీలోనున్న బండిలో తరుగుదలను కప్పిపుచ్చుటకై పసుపుగాని, కారుట ఆపునని అమ్ము పొడులుగాని వేయకుడు. అవి సన్నని దారులను పూడ్చును. దోషము మీదేయని చెప్పుటకును అవకాశమిచ్చును. వట్టి నీరు పోయుచుండుటయు మంచిది కాదు. సర్వీసు సెంటరునకు వెళ్లిన ప్రతిసారి మీ ఫిర్యాదును జాబుకార్డుమీద మీరు చెప్పిన మాటలలోనే వ్రాయించుడు, నకలు దాచుడు. వారంటీ గడువు లోపల వ్రాతమూలకముగా తెలిపిన దోషమునకును, నోటిమాటగా చెప్పిన దోషమునకును చాల భేదము కలదు. వినియోగదారుల రక్షణ చట్టము, 2019, 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. వ్యాపారమునకై కొన్న వస్తువులకు అది సాధారణముగా వర్తింపకున్నను, కేవలము స్వయముపాధిచే జీవనము గడుపుకొనుటకై కొని వాడుకొనువానికి వర్తించును. వ్యాజ్యకారణము పుట్టిన రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు చేయవలెను.

పిల్లలకు ఒక హెచ్చరిక. గ్లైకాలు తియ్యగానుండును గాని విషము. దానిని రుచి చూడరాదు, నోటితో గొట్టము పీల్చరాదు. ఒలికినచో కుక్కలు నాకకుండ వెంటనే కడిగివేయవలెను.

ఆ యజమాని మా పాఠశాలకు వచ్చి, నా యెదుటనే డ్రైవరుతో, “నిన్ను అనుమానించితిని, తప్పు నాదే” అనెను. డ్రైవరు ఏమియు పలుకక నమస్కరించెను. ఇప్పటికిని ఆ లారీని అతడే నడుపుచున్నాడు. బాలిక పదవ తరగతికి వచ్చినది. కారణము తెలియని నష్టము కలిగినప్పుడు దగ్గరనున్న బీదవానిపై నెపము వేయుట మనకు సులభముగా తోచును. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదని చిన్ననాటనే నేర్చుకొన్నాము. పరీక్షింపక అనుమానించుటయు దానికి దగ్గరిదేయని ఆ నోటు పుస్తకము నాకు నేర్పినది. అట్టి సమయము మీ యింట వచ్చినప్పుడు ముందుగా ఒక కొలపాత్రను, ఒక పుస్తకమును చేతబట్టి, రెండు వారములు ఓపికతో వ్రాయుడు. ఆ తరువాతనే తీర్పు చెప్పుడు.