విమానం ఎక్కిన ఏడాది మర్చిపోయే డబ్బు

హైటెక్ సిటీలో ఉద్యోగం మానేసి అమెరికాకో లండన్‌కో వెళ్ళేవాళ్ళ ఆఖరి వారం ఎలా గడుస్తుందో నాకు తెలుసు. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించాలి. కొండాపూర్ ఫ్లాట్ ఖాళీ చెయ్యాలి. అమ్మ పెట్టిన ఆవకాయ బరువుకి సూట్‌కేసు మళ్ళీ సర్దుకోవాలి. ఇంటి అడ్వాన్సు కోసం ఓనరుకి పదిసార్లు ఫోన్ చేస్తాం. జీతంలో ఎక్కువగా కోసిన పన్ను మాత్రం మనసులోకే రాదు.

ఏప్రిల్‌లో కంపెనీ మీరు పన్నెండు నెలలూ ఇక్కడే ఉంటారనుకుని జీతంలో కోసే పన్ను (టీడీఎస్) లెక్క వేస్తుంది. నెలకు లక్షన్నర జీతం అనుకోండి. 2025-26 కొత్త విధానం శ్లాబుల్లో, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా, ఏడాది పన్ను సెస్సుతో కలిపి 1,50,800. అంటే నెలనెలా పన్నెండున్నర వేల పైచిలుకు. ఆగస్టు ఆఖరుకి మానేస్తే అప్పటికి కోసింది 62,800 పైనే. కానీ ఆ అయిదు నెలల ఏడున్నర లక్షల మీద నాన్ రెసిడెంట్‌గా కట్టాల్సింది 14,300. చివరి సెటిల్‌మెంటులో కంపెనీ ఎంతో కొంత సర్దినా, మిగతాది రిటర్ను వేస్తేనే వస్తుంది.

‘పన్నెండు లక్షల దాకా పన్నే లేదు కదా, మొత్తం వెనక్కి రావాలి’ అంటారు చాలామంది. ఆ రిబేటు రెసిడెంట్లకే. అందుకే ఆ ఏడాది మీరు రెసిడెంటా కాదా అన్నది ముందు తేల్చుకోండి. ఉద్యోగం కోసం వెళ్ళే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంటే. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెడితే సెప్టెంబర్ 29కి 182 నిండుతాయి. బయల్దేరే రోజునూ కలుపుకునే ప్లాన్ చేసుకోండి. సెప్టెంబర్ మొదట్లో వెళ్ళినవాళ్ళు సంక్రాంతికి నెల రోజులు వచ్చి ఉన్నా ఆ రోజులు కలుస్తాయి. గీత దాటితే అక్కడి జీతాన్నీ ఇక్కడి రిటర్నులో చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకి క్రెడిట్ అడగాలి. టికెట్ తేదీ మీ చేతిలో ఉంటే ఈ ఒక్క లెక్క చూసి కొనండి.

ఆఫీసు మెయిల్ ఆగిపోయేలోపు హెచ్‌ఆర్‌కి మీ సొంత మెయిల్ ఇవ్వండి, ఫారం 16 మరుసటి జూన్‌లో వస్తుంది. ఇక సిమ్. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆధార్‌కి జోడించిన నంబరు మూగబోతే రిటర్నుని వెరిఫై చేసే ఓటీపీ రాదు. రిటర్ను వేసిన 30 రోజుల్లో వెరిఫై చెయ్యకపోతే అది చెల్లదు. ఆ నంబరుని రోమింగ్‌లోనైనా బతికించుకోండి. కుదరకపోతే నెట్ బ్యాంకింగ్ ద్వారా వెరిఫై చెయ్యొచ్చు, లేదా సంతకం చేసిన ఐటీఆర్-వీ బెంగళూరు సీపీసీకి పోస్టు చెయ్యొచ్చు.

నాన్ రెసిడెంట్‌కి ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వెయ్యాలి. గడువు మామూలుగా జూలై 31. ఆ తర్వాత డిసెంబర్ 31 దాకా ఆలస్య రుసుముతో వెయ్యొచ్చు. వేసే ముందు 26ఏఎస్‌లో కంపెనీ కట్టిన టీడీఎస్ మొత్తం కనిపిస్తోందో లేదో చూడండి. రీఫండ్ పడే బ్యాంకు ఖాతాని ఈ-ఫైలింగ్ పోర్టల్లో ముందే వాలిడేట్ చెయ్యండి. సేవింగ్స్ ఖాతా నాన్ రెసిడెంట్ల ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మారాక మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.

ఆ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో డిపాజిట్ ఉంటే రెండో ఏడాదీ ఇదే కథ. వడ్డీ ఎంత తక్కువైనా బ్యాంకు 30 శాతం, పైన సెస్సు కోస్తుంది. ఇండియాలో మీకు ఆ వడ్డీ తప్ప ఇంకో ఆదాయం లేక, అది 4 లక్షల లోపే ఉంటే, కోసిందంతా తిరిగి మీదే. అడగాల్సింది మీరే, మళ్ళీ ఆ ఐటీఆర్-2లోనే.